నా పాదం మీదుగా నడిచిపోయిన కోడి

నవంబరులో ఒక శనివారం పొద్దున ఆరుంబావుకు ప్రొద్దుటూరులో ఇంటికి తాళం వేసి బయలుదేరాను. వెళ్లవలసింది పులివెందుల దాటి తుమ్మలపల్లె దగ్గర ఒక పల్లెకు. మధ్యలో జమ్మలమడుగులో దిగి మా తమ్ముణ్ణి వెంటబెట్టుకోవాలి. పని ఒక్కటే, వాడి కూతురు, నా మేనకోడలు సుగుణ సంబంధం. అబ్బాయి ఇల్లు చూసి, వాళ్లమ్మను ఒక మాట అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు తెచ్చి సుగుణకు అప్పజెప్పాలి. చూడబోతే పోస్ట్‌మ్యాన్ పని. కానీ ముప్పై రెండేండ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, నాకు ఆ పని చేతకాదు. ఉత్తరం చించి, చదివి, తప్పులు దిద్ది, జవాబు కూడా నేనే రాసి ఇచ్చే రకం నేను.

ఊరికే అనడం లేదు. ఏడాది కిందట మైదుకూరు వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. సుగుణ జమ్మలమడుగులో ఒక ఆసుపత్రిలో నర్సు. వచ్చిన పెద్దాయన టీ కప్పు కింద పెట్టి, "పెండ్లి అయినాక పాప ఉద్యోగం చేస్తాదా?" అని అడిగాడు. అడిగింది సుగుణను. అది నోరు తెరిచేలోపు నేను, "అబ్బే, మానేస్తాది. దానికి ఇంటి పనంటేనే ఇష్టం" అనేశాను. ఎందుకన్నానో ఈనాటికీ నాకు తెలియదు. ఆయన ముఖంలో సంతోషం కనబడాలని అన్నానేమో. వాళ్లు సంబరంగా వెళ్లిపోయారు. సుగుణ మర్నాడు వాళ్లకు తానే ఫోన్ చేసి వద్దని చెప్పింది. నా దగ్గరికి వచ్చి, "అత్తా, నా నోరు నీకెవరిచ్చినారు?" అని ఒక్క మాట అడిగి, నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ నాలుగు నెలలు నాకు అన్నం సయించలేదు. నాకు పిల్లలు లేరు. ఉన్నదంతా అదే.

అందుకని మారాలనుకున్నాను. మా ఊరి పింఛనుదారుల హాలులో మూడు సాయంత్రాలు 'ఎరుకతో మాట్లాడటం' అని తరగతి పెడితే వెళ్లాను. చెప్పినామె నెమ్మదస్తురాలు. ఎవరైనా మనతో మాట్లాడితే వెంటనే బదులు చెప్పవద్దు, ముందు మూడు ఊపిర్లు చూసుకోవాలి, పాదాలు నేల మీద ఉన్నాయని గమనించుకోవాలి, నా మనసులో ఇప్పుడు ఏముంది అని ప్రశ్నించుకోవాలి, ఆ తర్వాతే నోరు తెరవాలి అంది. నేను ముందు వరుసలో కూర్చుని అంతా నోట్సు రాసుకున్నాను. పరీక్ష పెడితే నూటికి నూరు వచ్చేవి.

ఆరూ నలభైకి జమ్మలమడుగు పల్లెవెలుగు దొరికింది. బంగారు అంగళ్ల వీధిలో అప్పటికి ఒక్క షట్టరూ తీయలేదు. మీలో ఎవరైనా ఈ దారిన వస్తే ఎడమ పక్క కిటికీ చూసుకోండి, పొద్దున్నే ఎండ ముఖాన కొట్టదు. నా పక్కన చేపలమ్మే ఆమె ఖాళీ సత్తు బేసిను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మైలవరం కట్ట దగ్గరికి చేపలకు పోతోందట. బేసిను ఖాళీదే గానీ వాసన నిండా ఉంది.

కండక్టరు వచ్చి, "యాడికమ్మా?" అన్నాడు.

తరగతి పాఠం అక్కడే మొదలుపెట్టాను. ఒక ఊపిరి. రెండు ఊపిర్లు.

"అమ్మా, యాడికి?"

మూడో ఊపిరి. పాదాలు నేల మీదే ఉన్నాయి.

"ఓ తల్లీ!" అని అతను నా చెవి దగ్గర అరిచాడు. "యాడ దిగుతావు?"

"జమ్మలమడుగు" అన్నాను నిదానంగా, ఆధార్ కార్డు చూపిస్తూ. ఆడవాళ్లకు టికెట్టు సున్నా కదా, చింపి చేతిలో పెట్టి, "చెవులు వినపడకపోతే ఎవరినన్నా తోడు తెచ్చుకోవాల" అని చేపలామెకు చెప్పి ముందుకు పోయాడు. ఆమె అది నమ్మేసింది. జమ్మలమడుగు దాకా నాతో సైగలతోనే మాట్లాడింది. నాకు బాగా వినబడుతుందని చెబుదామనుకున్నాను గానీ, నోరు తెరవడానికి ముందు ఊపిర్లు చూసుకోవాలి కదా, ఆ లోపల ఆమె ఇంకో సైగ చేసేది.

ఏడున్నరకు జమ్మలమడుగులో దిగాను. పెద్ద పెద్ద సంచులు వీపుకు తగిలించుకున్న కుర్రవాళ్లు గండికోట ఆటోల కోసం గుంపుగా నిలబడి ఉన్నారు. బస్టాండు పక్క బండి మీద ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిని, మా తమ్ముడింటికి నడిచాను. ఉగ్గాని చల్లారినా బజ్జీలు వేడిగా ఉన్నాయి, బాగున్నాయి.

మా తమ్ముడు దేవదానం టైలరు. ఇంటి ముందు గదిలోనే మిషను. చిన్నప్పటి నుంచీ మాట తక్కువ. ఆ తర్వాత వృత్తి కూడా అలాంటిదే దొరికింది, నోట్లో గుండుసూదులు పెట్టుకునే పని. వాడి బదులు నేను మాట్లాడటం బడికి పోయే రోజుల్లో మొదలైంది. అయ్యవారు వాణ్ణి ఎక్కం అడిగితే నేను చెప్పేదాన్ని. మరదలు పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్లకు కూడా నేనే చెప్పాను, "వాడు తట్టుకుంటాడులే" అని.

సుగుణ డ్యూటీకి తయారై తెల్ల బట్టల్లో గుమ్మంలోనే నిలబడి ఉంది. "అత్తా, ఒకసారి కూర్చో. సరిగ్గా విను" అంది.

కూర్చున్నాను.

"ఆయన పేరు ప్రసాదు, నీకు తెలుసు. తుమ్మలపల్లె గనిలో పని. వాళ్లమ్మ మార్తమ్మ పోయిన వేసవిలో పడి మణికట్టు ఇరగ్గొట్టుకుంటే మా వార్డులోనే ఉండింది. అట్ల పరిచయం. నాకు ఆయనంటే ఇష్టం. దాంట్లో దాచేది ఏమీ లేదు. కానీ నేను నర్సు పని మానను. అది ఆయనకు చెప్పినా. ఆయన సరే అన్నాడు. వాళ్లమ్మ ఏమనుకుంటాందో మాత్రం నాకు తెలీదు. ఆమె మనసులో వద్దని ఉంటే నేను ఆ ఇంటికి పోలేను. పోయి రోజూ ఆమె ముఖం చూడలేను. నువ్వు ఆమెను అడుగు. ఆమె చెప్పింది చెప్పినట్టు నాకు చెప్పు. నా బదులు జవాబు చెప్పొద్దు, ఆమె బదులు కూడా చెప్పొద్దు."

మూడు ఊపిర్లు చూసుకుని, "సరే" అన్నాను. సుగుణ అనుమానంగా చూసింది. "ఒంట్లో బాగుందా అత్తా?" అని నా నుదురు మీద చేయి పెట్టింది. నర్సు కదా.

ఎనిమిదీ నలభైకి ముద్దనూరు మీదుగా పోయే పులివెందుల బస్సు. తమ్ముడికి మాత్రం టికెట్టు కొనాలి. వాడు జేబులోంచి డబ్బు తీసేలోపు అలవాటుగా నేనే కండక్టరుకు నోటు అందించాను. రెండు పక్కలా నల్లరేగడిలో శనగ మొలకలు పచ్చగా లేచి ఉన్నాయి. చేల గట్ల మీద నాపరాళ్లు నిలువుగా పాతి కంచె కట్టి ఉంటారు ఈ దారిలో, చూడముచ్చటగా ఉంటుంది. ముద్దనూరులో పది నిమిషాలు ఆపారు. అక్కడి నుంచి నేల రంగు మారుతుంది. కొండలు దగ్గరికి వస్తాయి, పులివెందుల దాపులకు వచ్చేసరికి చీనీ తోటలు, అంటే బత్తాయిలే, అరటి తోటలు మొదలవుతాయి.

ఆ రెండు గంటలూ నేను మనసులో సాధన చేస్తూనే ఉన్నాను. మార్తమ్మ ఇలా అంటే నేను ఊపిరి చూసుకుంటాను, అలా అంటే పాదాలు చూసుకుంటాను. దేవదానం కిటికీ బయటికి చూస్తూ ఉన్నాడు. "ఏమాలోచిస్తాండావు?" అని అడగబోయి, అది కూడా అనవసరమైన మాటేమో అని ఊరుకున్నాను.

పదీ ముప్పావుకు పులివెందుల. బస్టాండు ఎదుట అరకిలో కోవా, డజను అరటిపండ్లు కొన్నాం. అరటిపండ్ల ఊరికి అరటిపండ్లు తీసుకుపోయే తెలివి మాదే. వేంపల్లె బస్సెక్కి మధ్యలో దిగి, ఆటోకు ఎనభై ఇచ్చి, పన్నెండు కావస్తుండగా ఆ పల్లె చేరాం.

ఇల్లు ఊరికి కొంచెం బయట, చీనీ తోట అంచున ఉంది. నాలుగు గదులు, ముందు రేకుల వసారా, వాకిట్లో నిమ్మచెట్టు. ఆ చెట్టు మొదటికి ఒక ఎర్ర కోడి, కాలికి పచ్చ గుడ్డపేలికతో కట్టేసి ఉంది. చూడగానే తెలిసింది, ఈ పూటకు మాకోసమే. లోపలి నుంచి సంగటికి బియ్యం ఉడుకుతున్న వాసన వస్తోంది.

"రా వదినా, రా!" అని మార్తమ్మ ఎదురొచ్చి నా చేతిలో సంచి అందుకుంది. ఆమె భర్త యేసురత్నం మా తమ్ముడికి మంచం వాల్చి, "కూర్చో బావా. ఎండకు వచ్చినారు" అన్నాడు. అప్పుడే వదిన, అప్పుడే బావ! నాకు కడుపు నిండిపోయింది. ప్రసాదు మొదటి షిఫ్టులో ఉన్నాడు, మూడుకు వస్తాడట.

ఇక్కడ నేనేం చేయాలో మా వైపు చంటిపిల్లకు కూడా తెలుసు. పిల్ల తరఫున వెళ్లిన పెద్ద ఆడమనిషి వానల గురించి అడగాలి, పంట గురించి అడగాలి, వంటింట్లోకి తొంగి చూసి, "ఏం వదినా, కూర ఏం చేస్తాండావు?" అని చొరవ చేయాలి. మామూలు రోజైతే అవన్నీ గడప దాటేలోపే చేసేసి ఉండేదాన్ని.

కానీ ఆ రోజు నేను ఎరుకతో ఉన్నాను.

"వానలు పడినాయా మీ పక్క?" అన్నాడు యేసురత్నం.

ఒక ఊపిరి, రెండు, మూడు. పాదాలు. నా మనసులో ఏముంది? మాట్లాడాలన్న ఆత్రం ఉంది. ఆత్రంతో మాట్లాడకూడదు. ఆత్రం తగ్గేదాకా ఆగాను. అది తగ్గేసరికి ఆయన వేరే వైపు చూస్తున్నాడు. "పడినాయి" అన్నాను. దేవదానం, సంగతి అక్క చూసుకుంటుందని యాభై ఏండ్ల అలవాటు కొద్దీ తల ఊపాడు.

మార్తమ్మ వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడింది. "ఇల్లు చూస్తావా వదినా?"

చూస్తాను అని చెప్పడానికి ముందు మళ్లీ ఊపిర్లు. ఆమె కాసేపు నిలబడి, "ఏముందిలే, చూసేదానికి" అని తానే అనేసింది. తర్వాత, "సంగటి గెలుకుతా. తింటారు కదా?" అంది. నేను నా పాదాలు చూసుకుంటున్నాను. కుడి పాదం నేల మీద ఉంది, ఎడమ పాదం నేల మీద ఉంది. భేష్, ఇంత ప్రశాంతంగా నేను ఎప్పుడూ లేను అనుకున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగా కూడా ఉంది. ఆ మూడు సాయంత్రాలు నాకు పాఠం చెప్పినామె ఇప్పుడు నన్ను చూస్తే ఎంత సంతోషించేదో అని ఊహించుకుంటున్నాను.

మార్తమ్మ లోపలికి వెళ్లిపోయి రెండు గ్లాసులతో వచ్చింది. "మజ్జిగ తాగండి టీచరమ్మా" అంది.

తీసుకుని తాగాను. ఉప్పు, కరివేపాకు సరిగ్గా పడ్డాయి. మళ్లీ పాదాల మీద దృష్టి పెట్టాను. అప్పుడు నా ఎడమ పాదం మీదుగా ఒక కోడి నడిచిపోయింది. ఎర్ర కోడి. దాని కాలికి పచ్చ గుడ్డపేలిక వేలాడుతోంది.

దాని వెంటే తల తిప్పి చూశాను. నిమ్మచెట్టు మొదట్లో ఏమీ లేదు. యేసురత్నం అప్పుడే చేతులు దులుపుకుంటూ మంచం దగ్గరికి వస్తున్నాడు.

కోడిని విప్పేశారు. 'వదిన' పోయి 'టీచరమ్మ' వచ్చింది. సంగటి పోయి మజ్జిగ వచ్చింది. మా వైపు సంబంధం నచ్చకపోతే ఎవరూ నోటితో అనరు. ముభావంగా కూర్చుని, ఎండగా ఉంది ఆకలి లేదు అని, మజ్జిగ తాగి లేచిపోతారు. ఆ ఇంటివాళ్లకు అర్థమవుతుంది, వాళ్లు కూడా మర్యాదగా బలవంతపెట్టరు. నేను గంట సేపటి నుంచి చేస్తున్నది అక్షరాలా అదే. పోయినసారి మాట్లాడి చెడగొట్టాను, ఈసారి మాట్లాడకుండా చెడగొట్టాను. సుగుణ ముఖం కళ్ల ముందు కనబడింది. ఛీ, ముసలిదానా, నీకు తెలివి ఎప్పుడొస్తుంది అని నన్ను నేనే తిట్టుకున్నాను.

లేచి నేరుగా వంటింట్లోకి వెళ్లాను. ఊపిర్లూ లేవు, పాదాలూ లేవు.

మార్తమ్మ పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది. బియ్యం మెత్తగా ఉడికిపోయి, మీద రాగిపిండి పోసి ఉంది. గెలకడానికి కట్టె చేతిలో పట్టుకుంది గానీ గెలకడం లేదు. ఎవరి కోసం గెలకాలి, అందుకని కూర్చుంది.

"ఆ కోడిని ఎందుకు విప్పినారు వదినా?" అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. "మీరు తినరు కదా."

"ఎవరు చెప్పినారు, మేం తినం అని?"

"నోటితో చెప్పల్లా ఏంది? వచ్చినప్పటి నుంచి చూస్తాండా. ఏమడిగినా పలకవు. కాళ్లకల్లా చూస్తాంటివి. మా ఇంట్లో గచ్చు బాగలేదని చూస్తాండావేమో అనుకుంటి. ఆయప్ప చూస్తే అసలే ఉలకడు. మేమేమన్నా పసిపిల్లోల్లమా టీచరమ్మా, అర్థం కాకపోయేదానికి? నచ్చకపోతే నచ్చలేదు. దానికేముంది. మా వానికి ఎట్ల చెప్పాల్నో అని కూర్చోనుండా."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె పక్కన నేల మీద చతికిలబడి జరిగిందంతా చెప్పేశాను. మైదుకూరు సంబంధం, 'నా నోరు నీకెవరిచ్చినారు' అన్న మాట, నాలుగు నెలల మౌనం, మూడు సాయంత్రాల తరగతి, మూడు ఊపిర్లు, పాదాలు, బస్సులో నన్ను చెవిటిదాన్ని చేసిన కండక్టరు, అన్నీ.

మార్తమ్మ నోరు తెరుచుకుని విన్నది. "అంటే, మేం అడుగుతాంటే నువ్వు ఊపిరి చూసుకుంటాంటివా?"

"అవును."

"ఊపిరి యాడికి పోతాది వదినా!" అంది. తర్వాత నవ్వింది. మామూలు నవ్వు కాదు, కొంగు నోట్లో కుక్కుకుని, ఊగిపోతూ నవ్వింది. నేనూ నవ్వాను. బయటి నుంచి యేసురత్నం, "ఏమైందే లోపల?" అని కేకేశాడు.

"కోడిని పట్టు!" అని అరిచింది మార్తమ్మ. "వాళ్లు తింటారంట!"

వాకిట్లో పరుగులు మొదలయ్యాయి. మా తమ్ముడు కూడా చెప్పులు వదిలి పరిగెత్తడం కిటికీలోంచి చూశాను. వాడు పరిగెత్తగా చూసి ఎన్నేండ్లయిందో.

మార్తమ్మ సంగటి గెలకడం మొదలుపెట్టింది. రెండు తిప్పులు తిప్పి ఆగింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. మళ్లీ రెండు తిప్పులు, మళ్లీ ఆగింది. గంట సేపటి నుంచి ఈ ఇంట్లో ఉన్నాను, ఆ చేయి నేను చూడనే లేదు. నన్ను నేను కాపలా కాసుకోవడంలో మునిగిపోయి ఎదుటి మనిషి విరిగిన చేయి చూడలేకపోయాను. ఏం ఎరుక నాది, కాల్చనా! కట్టె నా చేతిలోకి తీసుకున్నాను. ఆమె గిన్నెను కదలకుండా గుడ్డతో పట్టుకుంది, నేను గెలికాను. సంగటి గెలకడం ఇద్దరి పని, ఒకరు ఎక్కడ ఆపితే ఇంకొకరు అక్కడ చూసుకోవాలి. మాట్లాడటానికి వేరే ఊపిర్లేమీ అక్కరలేకపోయింది.

"వదినా, మా పిల్ల ఉద్యోగం మానదు. నీకు దాని మీద ఏమనిపిస్తాదో నిన్నే అడిగి రమ్మనింది" అన్నాను.

మార్తమ్మ చాలాసేపు గిన్నె వైపే చూసింది. నా నాలుక కొస మీద నాలుగు మాటలు వచ్చి కూర్చున్నాయి. 'ఈ కాలంలో అందరూ చేస్తాండారులే' అని ఒకటి, 'నీకేం భయం లేదు వదినా' అని ఒకటి. మింగాను. నా ఊపిరి కోసం కాదు, ఆమె ముఖం చూస్తుంటే ఏదో చెప్పబోతున్నట్టు తెలిసింది, అందుకు.

"మానమని నేను చెప్పను" అంది. "శానా మంచి పని చేస్తాది ఆ పాప. ఆస్పత్రిలో నా చేయి పట్టుకొని కూర్చుండేది. కానీ వదినా, నేను తోట అంచున ఆ గట్టు కాడ పడినప్పుడు గంట సేపు అరిచినా. ఎవరూ రాలా. వాడు గనిలో, ఈయప్ప చేన్లో. అప్పటి నుంచి నాకు ఒక్కదానికి ఇంట్లో ఉండాలంటే భయం. కోడలు వస్తే ఇంట్లో ఒక మనిషి ఉంటాదనుకుంటి. అదీ నా ఆశ. ఇది మాత్రం ఆ పాపకు చెప్పొద్దు."

అక్కడ ఇరుక్కున్నాను. చెప్పింది చెప్పినట్టు తెమ్మంది సుగుణ, చెప్పవద్దంటోంది ఈమె. పాత నేనైతే సగం మింగి, సగం చక్కెర పూసి, ఇద్దరికీ నచ్చేలా ఒక అబద్ధం వండి ఉండేదాన్ని. ఎంత సులువో అది నాకు! అందుకే ఎంత ప్రమాదమో కూడా తెలుసు.

"అది నేను దాచలేను వదినా. మోసి తీసుకుపోనూ లేను, దారిలో మార్చేస్తా, నా సంగతి నాకు తెలుసు. నువ్వే చెప్పు దానికి" అన్నాను. సుగుణకు ఫోన్ కలిపాను. భోజనం విరామంలో ఉంది. "మార్తమ్మ వదిన మాట్లాడతాదంట" అని మాత్రం అని, ఫోన్ ఆమె చేతిలో పెట్టి, బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను.

ఆ పాతిక నిమిషాలు నేను పడ్డ బాధ పగవాళ్లకు కూడా వద్దు. తలుపుకు చెవి ఆనించాలని చేతులు, కాళ్లు, ఒళ్లంతా లాగింది. వాకిట్లోకి పోయి నిలబడ్డాను. కోడి పశువుల కొట్టం కప్పు ఎక్కి కూర్చుంది. కింద యేసురత్నం, మా తమ్ముడు ఇద్దరూ నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూస్తున్నారు. "దాని ఆయుస్సు గట్టిది బావా" అన్నాడు యేసురత్నం. "పెండ్లినాటికి దిగుతాదిలే."

మార్తమ్మ బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం తేలికగా ఉంది. "లేయండి, అన్నం తిందురు" అని మాత్రం అంది. నేను ఏమీ అడగలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, అడిగితే నేనే అందులో దూరిపోతానని భయం వేసింది. రాగిసంగటి, కోడిగుడ్ల పులుసు, చెనిక్కాయల ఊరుబిండి, అదే వేరుశనగ పచ్చడి. ఊరుబిండి మూడుసార్లు వేయించుకున్నాను. మూడుకు ప్రసాదు వచ్చాడు. పొడగరి, సిగ్గరి. నాకు నమస్కారం చేసి, వాళ్లమ్మ ముఖం వైపు చూశాడు. ఆమె తల ఊపింది. వాడు గట్టిగా ఊపిరి వదిలి, నీళ్ల చెంబు ఎత్తి గటగటా తాగేశాడు.

నాలుగింటికి అదే ఆటో. పులివెందులలో అయిదుంబావుకు జమ్మలమడుగు బస్సు, వెనక వరుసలో రెండు సీట్లు దొరికాయి. తిరుగు ప్రయాణానికి శనివారం సాయంత్రం రద్దీ ఉంటుంది, మీరు వస్తే ముందే పోయి నిలబడండి. ఒక్కరోజులో పోయి రాగల దూరమే, దారి బాగుంది, తిండికి లోటు లేదు. నేర్చుకోవడానికి మాత్రం నాకు ఇంత వయసు పట్టింది. ఎరుక అంటే నన్ను నేను పట్టి పట్టి చూసుకోవడమని పొద్దున బయలుదేరాను. ఎదుటి మనిషి ఏం చేస్తోందో చూస్తే చాలని, నా నోరు దాని దారిన అదే సర్దుకుంటుందని కోడి చెప్పాల్సి వచ్చింది.

ముద్దనూరు ఇంకా రాలేదు, సుగుణ ఫోన్ చేసింది. "అత్తా, ఆమె అంతా చెప్పింది. భయం సంగతి కూడా. నేను కూడా చెప్పినా. పులివెందులలో నర్సులు కావాలంటాండారు, పగటి డ్యూటీ చూసుకుంటా, పొద్దుగూకకముందే ఇంట్లో ఉంటా, పగలు తోడుకు పక్క చేను ముసలామెను రమ్మంటాం అని. ఆమె సరే అనింది. నాకూ సరే. నువ్వు బయటికి పోయి తలుపేసినావంట కదా?"

"వేసినా."

"నిజంగానా?" అంది. "అత్తా, నాన్నకియ్యి ఫోను. నాన్నను అడగాల, ఇష్టమేనా అని."

మా ఇంట్లో ఎవరైనా ఆ ప్రశ్న వేస్తే ఇంతవరకు జవాబు నాదే. "మీ నాన్నకు ఇష్టమేలే" అనేదాన్ని. అప్పుడు కూడా ఆ మాట నోటి దాకా వచ్చింది. ఫోన్ దేవదానానికి ఇచ్చాను. వాడు ఫోన్ చెవికి జానెడు దూరంలో పట్టుకుంటాడు, అందుకని రెండు పక్కలా వినబడుతుంది.

"నాన్నా, నీకు ఇష్టమేనా?"

వాడు మాట్లాడలేదు. బస్సు ఒక మలుపు తిరిగింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. "నాన్నా?" అంది సుగుణ. నేను నా చీర కొంగును పిడికిట్లో బిగించి పట్టుకున్నాను, వాడి ముఖం చూస్తూ. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి.

"ఇష్టం లేదు బిడ్డా" అన్నాడు.

ఫోన్ లాక్కోవడానికి చాచిన చేతిని వెనక్కి తీసుకున్నాను.

"ఆ పిల్లోడు ఇష్టమే. ఆ ఇల్లు ఇష్టమే. ఆయమ్మ మంచిది. నువ్వు దూరం పోయేది నాకు ఇష్టం లేదు. మీ అమ్మ పోయినప్పుడు అందరూ తట్టుకుంటాడు అన్నారు. నేను తట్టుకోలా. నువ్వు ఉన్నావని దినం గడిపినా. పొద్దున నువ్వు డ్యూటీకి పోతా గేటు వేసే చప్పుడుంటాదే, అది వినేదానికి ముందే లేచి కూర్చుంటా. రేపు ఆ చప్పుడు ఉండదు. అది నాకు కష్టం. చెప్పకుండా ఇష్టమే అంటే అబద్ధం అయితాది. ఐనా పో బిడ్డా. నీకు ఇష్టమైన చోటికి పో. ఆదివారం ఆరాధన కాంగానే నేనే బస్సెక్కి వస్తా. పెండ్లి గౌను మాత్రం నేనే కుడతా, ఎవరికీ ఇయ్యొద్దు."

అటు నుంచి ఏడుపు, నవ్వు కలిసి వినబడ్డాయి. "నువ్వే కుట్టు నాన్నా" అంది. వాడు ఇంకా ఏవేవో చెప్పాడు, తెల్ల శాటిను సంగతి, చేతులకు లేసు సంగతి. ముద్దనూరు వచ్చింది, పోయింది. నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. 'వాడు తట్టుకుంటాడులే' అన్నది అందరూ కాదు, నేనే.

ఆఖరికి వాడు ఫోన్ నాకిచ్చాడు.

"అత్తా" అంది సుగుణ, ముక్కు చీదుతూ. "నాన్న ఇంత మాట్లాడతాడని నాకు తెలీదు."

"నాకూ తెలీదే" అన్నాను.